కుండ మార్పిడి

నమోదు 1

ఈ పరికరానికి రోజూ ఏదో ఒకటి చెప్పుకోవాలని మా పరాంకుశం గారి ఆజ్ఞ. ఆయన మెట్ట మీద చల్లటి గదిలో కూర్చుని తేట సంస్థ అమ్మకాలు చూసుకుంటారు. నేను కింద ఎండలో తిరిగి ఆ అమ్మకాలు చేస్తాను. ఇద్దరి పనీ ఒకటేనని ఆయన నమ్మకం. వింటే వినండి సార్, వినకపోతే మీ ఇష్టం. ఏళ్ళ తరబడి సంతల్లో అరిచినదాన్ని, వినని చెవులతో మాట్లాడడం నాకు కొత్త కాదు.

ఈ ఉదయం నన్ను తూముదిబ్బలో దించేసి బండి వెళ్ళిపోయింది. ఏరు ఎండిపోయాక, పాత కాలువ తూము చుట్టూ పేరుకున్న మేట మీద జనం కట్టుకున్న ఊరు ఇది. ఊరంతటికీ ఒకటే బావి. నీళ్ళు చూపుకు బాగానే ఉంటాయి. తాగుతూ పోతే పెద్దవాళ్ళకు కీళ్ళు బిగుసుకుపోతాయి, పిల్లలకు కాళ్ళు వంగిపోతాయి. ఇక్కడివాళ్ళు దాన్ని బిగుపు అంటారు, మనం జలుబు అన్నంత తేలిగ్గా.

నేను తెచ్చింది పొర. పాల మీద మీగడలా పెరుగుతుంది, దానికి ప్రాణం ఉంది. కుండ మూతికి బిగించి పైనుంచి బావినీళ్ళు పోస్తే, అందులో ఉన్న విషమంతా తను తినేసి కిందికి మంచినీళ్ళు వదులుతుంది. దానికి రోజూ గంజి పట్టాలి. ఎండ పడకూడదు, పొగ తగలకూడదు. మా ఆడపడుచు కూడా ఇన్ని వేషాలు వెయ్యలేదు. ఇంతవరకూ ఈ పొర ఏ ఊళ్ళోనూ అమ్ముడుపోలేదు. తూముదిబ్బలో అమ్మితే నాకు మెట్ట మీద ఇల్లూ, కూర్చుని చేసే ఉద్యోగమూ. లేకపోతే మళ్ళీ సంతే.

నమోదు 2

ఊరి పెద్ద పేరు వజ్రమ్మ. బిగుపు ఆమెకు మెడలో పట్టింది. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. ఆమె మెల్లగా అలా తిరిగి మనకేసి చూసేసరికి, చెయ్యని తప్పు కూడా చేశామేమో అనిపిస్తుంది.

పొర తీసి చూపించబోతే వద్దంది. ముందు కుండ మార్పిడి జరగాలట. దిబ్బ ఆచారం అది. నీళ్ళు అమ్మవచ్చినవాడు ఈ ఊరి నీళ్ళు తాగాలి, ఊరివాళ్ళు వాడి నీళ్ళు తాగుతారు. ఎప్పుడో ఒకడు ట్యాంకర్లతో వచ్చి మడుగునీళ్ళు అమ్మాడట. వాడు మాత్రం సీసాలో తెచ్చుకున్న నీళ్ళు తాగేవాడట. ఆ ఏడాది ఊళ్ళో సగం ఇళ్ళు మూతపడ్డాయి. అప్పటినుంచీ ఈ పద్ధతి. న్యాయంగానే ఉందనిపించింది, సరేనన్నాను. కొన్నాళ్ళు తాగితే ప్రాణం పోతుందా?

ఎన్నాళ్ళు తాగుతావని అడిగింది వజ్రమ్మ. అప్పటికే బావి చుట్టూ జనం మూగారు. జనాన్ని చూస్తే నా నోరు ఆగదు, అదొక జబ్బు.

"మీరు మా నీళ్ళు తాగినన్నాళ్ళూ మా సంస్థ మనిషి మీ బావినీళ్ళే తాగుతుంది. ఆ మనిషిని నేనే," అని అరిచాను.

జనం ముఖాలు వెలిగాయి. వజ్రమ్మ చేదలో నా చెయ్యి ముంచి, నాచేత మళ్ళీ అదే మాట అనిపించింది. నేను ఇంకా గట్టిగా అన్నాను. సంతలో ఇలాంటివి పూటకు పది అంటాం. ఈ చీర రంగు పోతే చెవులు కోసుకుంటానని ఎన్నిసార్లు అనలేదు? రంగులు పోయాయి. చెవులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

నమోదు 5

పరీక్షకు మొదటి కుండ పెట్టే ఇల్లు వజ్రమ్మే చూపించింది. ఆ ఇంటి మనిషి పేరు దీనమ్మ. పాతికేళ్ళుంటాయేమో. భర్త ఉప్పుమళ్ళలో పనికి పోయి అక్కడే పోయాడు. ఇంట్లో అత్త సంతోషమ్మ, నాలుగేళ్ళ కూతురు కెజియ. సంతోషమ్మ నడుము వంగి, చేతులు పొట్ట దగ్గరే బిగుసుకుపోయాయి. పాపం, కోడలు అన్నం కలిపి నోట్లో పెట్టాలి. కెజియ కాళ్ళు మాత్రం ఇంకా తిన్నగా ఉన్నాయి. ఈ ఊళ్ళో పిల్లల కాళ్ళు అయిదో ఏట నుంచి వంగుతాయట.

కుండ దింపుతుంటే దీనమ్మ నన్ను ఒకటే అడిగింది. ఈ నీళ్ళు తాగితే పిల్ల కాళ్ళు వంగవు గదక్కా అని. వంగవు అన్నాను. అది అమ్మకం కోసం చెప్పింది కాదు, నిజం. నా దగ్గరున్న నిజం అదొక్కటే, దాన్ని బాగా వాడుకుంటున్నాను.

మీటరు తీసి నీళ్ళ శుద్ధి అంకెల్లో చూపించాను. ఆడవాళ్ళంతా ఆ అంకెలను చూసి, నన్ను చూసి, పెదవి విరిచారు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు సంతోషమ్మ మూలనుంచి, పప్పు ఉడుకుద్దేమో చూడండర్రా అంది. ఈ బావినీళ్ళలో కందిపప్పు ఎంత మంట పెట్టినా ఉడకదు. రాళ్ళలా ఉన్నదాన్ని రోట్లో నూరుకుని చారు కాచుకుంటారు. దీనమ్మ తేటనీళ్ళతో ఎసరు పెట్టి పప్పు పోసింది. అందరూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి పప్పు మెత్తబడి, గరిటె పెడితే కలిసిపోయింది. ఒకావిడ వేలితో నలిపి చూసి, ఆ వేలు నోట్లో పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. తన ఇంటికి వెళ్ళి గిన్నె తెచ్చుకుంది. మీటరును సంచిలో పడేశాను.

నమోదు 9

ఇక్కడి పనులు చెబుతాను. పొద్దున్నే బావి దగ్గర అందరూ చూస్తుండగా ఒక చెంబు బావినీళ్ళు తాగాలి. ఇనప గరిటె నాకినట్టు ఉంటాయి. మళ్ళీ మధ్యాహ్నం, మళ్ళీ సాయంత్రం. నా అన్నం, నా టీ, అన్నీ ఆ నీళ్ళతోనే. టీ పెడితే పాలు విరుగుతాయి. సబ్బు రుద్దితే నురగ రాదు, నల్లటి జిడ్డు వస్తుంది. ఈ ఊరి పిల్లలు నేను తాగుతుంటే కూర్చుని చూస్తారు. వాళ్ళకిది రోజూ జరిగే వేడుక.

దీనమ్మ ఇంటి పని వేరు. పొరను తడిగుడ్డతో తుడవాలి, గంజి పట్టాలి, బావినీళ్ళు పొయ్యాలి. కెజియను గోడకు ఆనించి నిలబెట్టి, మోకాళ్ళ మధ్య పిడికిలి పెట్టి చూసుకోవడం ఆమె రోజూ చేసే పని. పిడికిలి దూరితే కాళ్ళు వంగడం మొదలైనట్టు. ఈ దిబ్బలో ప్రతి తల్లీ అలాగే చూసుకుంటుంది. పిడికిలి దూరిన రోజున ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరట. ఇంతవరకూ దీనమ్మ పిడికిలి దూరలేదు.

కొందరు ముసలివాళ్ళు తేటనీళ్ళు చప్పగా ఉన్నాయంటున్నారు. నీళ్ళలో సత్తువ లేదంటున్నారు. వాళ్ళతో వాదించి గొంతు పోయింది.

నమోదు 15

సంతోషమ్మ చెయ్యి లేచింది. ఉదయం దీనమ్మ తల దువ్వబోతే దువ్వెన లాక్కుని తనే దువ్వుకుంది. వెనకవైపు అందలేదు, ముందు మాత్రం పాపిడి తీసుకుంది. ఇల్లంతా జనం. ఆమెచేత మళ్ళీ మళ్ళీ దువ్వించారు, పాపం ఆఖరికి చెయ్యి నొప్పి పుట్టి ఏడ్చింది. నాకైతే గంతులెయ్యాలనిపించింది.

పరాంకుశం గారు మాట్లాడారు. ఆశ్చర్యం, నా నమోదులు వింటున్నారట. చెవులు కోసుకునే మాట విని నవ్వుకున్నారట. బావి దగ్గర నేను అన్న మాట ఆయనకు బాగా నచ్చింది. మీ నీళ్ళు మేం తాగుతాం అనేదే ఇకనుంచి మన ప్రచారం అన్నారు. నా బొమ్మతో గోడపత్రాలు వేసి ఇలాంటి నీళ్ళే ఉన్న మిగతా దిబ్బలన్నిటికీ పంపుతున్నారట. నా ముఖం గోడలకెక్కుతుందంటే సంతోషంగానే ఉంది. ఎందుకు దాచాలి?

నమోదు 22

మడమల్లో నొప్పి. గొంతుక్కూర్చోలేకపోతున్నాను. దొడ్డికి వెళ్ళాలంటే గోడ పట్టుకోవాలి. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకుని ఉంటాయి, ఒక్కొక్కటి విడదీసుకోవాలి. పుట్టినప్పటినుంచీ తాగినవాళ్ళకు నెమ్మదిగా పడుతుందట, బయటివాళ్ళకు తొందరగా పడుతుందట. ఈ మాట వజ్రమ్మ ఇప్పుడు చెబుతోంది, అప్పుడు చెప్పలేదు. నువ్వు అడగలేదుగా అంది.

భయంగా ఉంది. పరాంకుశం గారికి ఫోను చేసి నన్ను మార్చమన్నాను. అమ్మకం ఖాయమయ్యేదాకా ఓర్చుకోమన్నారు. సంస్థ డాక్టరు గారు మందులు పంపుతారట. ఎముకలు బిగుసుకుపోయేదానికి మందు లేదని మన కరపత్రంలో మనమే రాశాం సార్, మీరే సంతకం పెట్టారు.

నమోదు 27

ఈ నమోదు ఎవరూ వినరని అనుకుని చెబుతున్నాను. వినేటట్టయితే ఇక్కడితో ఆపెయ్యండి.

దీనమ్మ నాకు గంజి తెచ్చి ఇస్తోంది. చూపుకే గంజి. తేటనీళ్ళలో ఇంత వార్చిన గంజి కలిపి ముంతలో పోసి తెస్తుంది. పొరకు పట్టేది కదా, ఎవరూ పట్టించుకోరు. నేను అడగలేదు. గోడ పట్టుకుని లేస్తుంటే చూసి తనే తెచ్చింది. మొదటిరోజు ఎందుకు ఇస్తున్నావని కసిరాను. మా పిల్ల కాళ్ళు నిలబెట్టావు గదక్కా అంది. ఆ ముంత ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాను. తర్వాత కళ్ళనీళ్ళు వచ్చాయి. నీళ్ళు ఇంత తియ్యగా ఉంటాయని అమ్మేదానికే తెలియలేదు.

బావి దగ్గర చెంబు మాత్రం తప్పదు. మిగతావన్నీ ఆ ముంతతోనే.

నమోదు 33

దొరికిపోయాను. మూడు రోజుల కిందట సాయంత్రం బావి గట్టున చెంబు జారితే గబుక్కున గొంతుక్కూర్చుని అందుకున్నాను. వజ్రమ్మ చూసింది. మొన్నటిదాకా కూర్చోలేనిది ఈరోజు ఎట్టా కూర్చుందని ఆమెకు అనుమానం వచ్చింది. మర్నాడు ఉదయం దీనమ్మ ముంత పట్టుకుని వస్తుంటే దారిలో ఆపి, ఆ గంజి తాగి చూసింది. తర్వాత ఇద్దర్నీ బావి దగ్గరకు పిలిపించింది.

దిబ్బ దిబ్బంతా వచ్చింది. మాట తప్పిన అమ్మకపు మనిషిని సరుకుతో సహా వెళ్ళగొట్టడం ఇక్కడి పద్ధతి. అంటే మెట్ట మీద ఇల్లు పోయినట్టే, ఇంతకాలం తాగిన విషం ఊరికే తాగినట్టే.

"ముంతలో ఏవుందో నీకు తెలుసా తెలీదా? ఒక్కమాట చెప్పు," అంది వజ్రమ్మ.

"తెలియదు. గంజి అని ఇచ్చింది, గంజి అనుకుని తాగాను," అన్నాను.

అనేసిన తర్వాత దీనమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, వజ్రమ్మ వైపే చూస్తోంది. వజ్రమ్మ ఆమెను కూడా అదే అడిగింది. నిజం చెబితే కుండ ఊరు దాటుతుందని దీనమ్మకూ తెలుసు. కెజియ చంకలో ఉంది.

"అక్కకి తెలీదు. నేనే కలిపా," అంది.

నన్ను వదిలేశారు. మార్పిడిని చెడగొట్టినందుకు దీనమ్మ బిందెకు బావి దగ్గర ఇక వంతు లేదన్నారు. ఎవరూ ఆమెకు నీళ్ళు పొయ్యకూడదు, నిప్పు ఇవ్వకూడదు. మొదటి కుండ సంస్థది కాబట్టి అది ఉన్నంతవరకూ దానికి నీళ్ళు నా వంతులోంచి పొయ్యచ్చట. ఆ బిందె నేనే మోస్తున్నాను, ఈ మడమలతో. దించాక ఆమె, ఉంచక్కా అంటుంది. అంతకు మించి ఏమీ అనదు. ఏదైనా అంటే బాగుండును, తిట్టినా బాగుండును. నేను ఆమె స్థానంలో ఉంటే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని.

నమోదు 38

తూముదిబ్బ పొరను కొన్నది. వీధికి కొన్ని కుండల చొప్పున దించాం. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కలిసి ఒక్కో కుండ వాడుకుంటారు. దీనమ్మను మాత్రం ఎవరూ కలుపుకోలేదు. ఊరంతా పప్పు వాసన. చప్పగా ఉన్నాయన్న ముసలివాళ్ళే కుండ దగ్గర ముందు కూర్చుంటున్నారు. పరాంకుశం గారు శభాష్ అన్నారు. ఇంకా చాలా దిబ్బలు పిలుస్తున్నాయట.

సామాను సర్దుకుని వజ్రమ్మకు వెళ్ళొస్తానని చెప్పబోయాను. ఎక్కడికి అని అడిగింది.

"మేం మీ నీళ్ళు తాగినన్నాళ్ళూ మీ మనిషి మా నీళ్ళు తాగుద్దన్నావు. మేం ఇప్పుడేగా మొదలెట్టింది," అంది.

అది అమ్మకం కోసం అన్న మాటనీ, పరీక్ష అయిపోయిందనీ చెప్పాను. అరిచాను కూడా. ఆమె కదలలేదు. అందరూ తాగేది ఆ మాట మీదేనట. నేను వెళితే కుండలు నా వెనకే వస్తాయట. చేదలో చెయ్యి పెట్టి చెప్పిన మాటను వీళ్ళు మాట అంటారు, మనం ప్రచారం అంటాం. ఈ తేడా నాకు ముందే తెలియాల్సింది. సంతలో తిరిగినదాన్ని, కొనేవాడి ముఖం చదవగలనని గొప్పలు పోయేదాన్ని, ఈ ఒక్క ముఖం చదవలేకపోయాను.

నమోదు 40

పరాంకుశం గారితో మాట్లాడాను. మాట తప్పుదామన్నాను. కుదరదన్నారు. మిగతా దిబ్బలన్నీ ఆ మాట చూసే పిలిచాయట. ప్రతిచోటా ఒక సంస్థ మనిషి బావినీళ్ళు తాగాలని ఒప్పందాల్లో రాసుకున్నారట. ఆ ఉద్యోగానికి ఒక పేరు కూడా పెట్టారు, మార్పిడి ప్రతినిధి. తూముదిబ్బలో మాట పోతే అన్నిచోట్లా పోతుందట.

అయితే నా బదులు ఎవరినైనా పంపమన్నాను. మెట్ట మీద ఎవరూ ఒప్పుకోవడం లేదట. నా మడమల గురించి అందరికీ తెలిసిపోయింది. తర్వాత ఆయనే, "సంస్థ మనిషి అంటే మెట్ట మనిషే కానక్కర్లేదు హైమావతిగారూ. మన జీతం తీసుకునేవాళ్ళు ఎవరైనా మన మనుషులే. అక్కడే ఎవరినైనా చూసుకోండి," అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పారు. పరీక్ష ముగిసింది కాబట్టి మొదటి కుండను వెనక్కి తెమ్మన్నారు. ప్రదర్శనకు పెడతారట.

ఫోను పెట్టేశాను. నన్ను నేను తిట్టుకున్నాననో, దారి కనపడక తల్లడిల్లాననో చెబితే వినేవాళ్ళకు బాగుంటుంది. అలా జరగలేదు. ఎవరిని అడగాలో నాకు అప్పుడే తెలిసిపోయింది.

నమోదు 41

నేను వెళ్ళేసరికి దీనమ్మ పొరను తుడుస్తోంది. సంతోషమ్మ గడపలో కూర్చుని తన చేత్తో తను అన్నం తింటోంది. కుండ తీసుకుపోవాలని చెప్పాను. దీనమ్మ తుడుస్తూనే ఉంది.

తర్వాత మిగతాది చెప్పాను. సంస్థ మనిషి ఇంట్లో కుండ ఎప్పటికీ ఉంటుంది. సంస్థ మనిషికి బావి దగ్గర వంతు ఉంటుంది, దాన్ని వజ్రమ్మ కూడా కాదనలేదు. అత్తా, పిల్లా ఆ కుండ నీళ్ళు తాగవచ్చు. సంస్థ మనిషి మాత్రం తాగకూడదు. అంతా సరుకు వివరించినట్టే వివరించాను. ఇంకోరకంగా చెప్పడం నాకు చేతకాదు.

దీనమ్మ వేళ్ళు ఈ మధ్యనే సాగాయి. పెళ్ళినాటి ఉంగరం మళ్ళీ తొడుక్కుంది. ఆ వేళ్ళతో గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది.

"మొన్న ముంత సంగతి నా మీద పెట్టావు గదక్కా. అది కూడా ఇందుకేనా?" అని అడిగింది.

"కాదు. అప్పుడు భయమేసి అన్నాను. ఇదంతా అప్పటికి తెలియదు," అన్నాను.

నమ్మిందో లేదో తెలియదు. నేను చెప్పింది మాత్రం నిజమే. సంతోషమ్మ తినడం ఆపి, వద్దే అమ్మా, నన్ను మళ్ళీ మూల కూర్చోబెట్టు ఫర్లేదు అంది. ఆమె ఏడుస్తుంటే మెతుకులు ఒళ్ళో పడ్డాయి. దీనమ్మ అత్త దగ్గరకు వెళ్ళి మెతుకులు ఏరింది. కెజియ వీధిలో ఎవరితోనో ఆడుతోంది, పరిగెత్తుతున్న అడుగుల చప్పుడు వినపడుతూనే ఉంది. దీనమ్మ కొంతసేపు అది విన్నది.

"ఎప్పట్నుంచి తాగాల?" అంది.

నమోదు 42

బావి దగ్గర అంతా చేరారు. దీనమ్మ మెడలో సంస్థ బిళ్ళ వేసి, ఇకనుంచి ఈమె మా మనిషి అని చెప్పాను.

వజ్రమ్మ చాలాసేపు ఆమెను చూసింది. తర్వాత నన్ను చూసింది. "మీ జీతం తినుద్ది గాబట్టి మీ మనిషంటావు. అంటే మా బిడ్డే మా నీళ్ళు తాగుద్ది. కుండ మార్పిడి ఏడుంది ఇందులో?" అని అడిగింది.

నిజానికి ఆ ఒక్క ప్రశ్నతో అంతా అయిపోవాలి. నేను ఆ చెంబు తీసుకుని మళ్ళీ తాగాలి, లేదా కుండలు బండెక్కాలి. నేను చెంబు వైపు చూడలేదు. జనం వైపు చూశాను. ఎప్పుడూ లేనిది, ఈసారి జనం ముందు నా నోరు మూసుకునే ఉంది. అవసరం రాలేదు. ముందు వరసలోంచి ఒకావిడ మాట్లాడింది.

"ఎవురో ఒకరు తాగుతున్నారు గద వజ్రమ్మా. మాటైతే నిలబడ్డది. పొయ్యి మీద పప్పు పెట్టేసి వచ్చా, తొందరగా కానీయ్," అంది.

అవునవునన్నారు వెనకవాళ్ళు. దీనమ్మ తప్పు చేసిందిగా, ఇదే దండన అనుకోమన్నారు ఇంకొకరు. అలా అన్నవాళ్ళ పిల్లలు బావి గట్టు మీద ఎక్కి దూకుతున్నారు. వజ్రమ్మ అటూ ఇటూ చూసింది. మనిషంతా తిరగలేదు, మెడే తిరిగింది. తేటనీళ్ళు ఆమె ఇంట్లోనూ వాడుతున్నారు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టినట్టుంది, చెయ్యి మెడ మీద వేసుకుంది. చేద దీనమ్మ ముందు పెట్టింది.

దీనమ్మ చేదలో చెయ్యి పెట్టి మాట ఇచ్చింది. నేను అరిచినట్టు అరవలేదు, పక్కవాళ్ళకు వినపడేటంత మెల్లగా చెప్పింది. చెంబు ఎత్తి నిండా తాగింది. మూతి తుడుచుకుని, కుండలోకి నీళ్ళు కావాలని తన బిందె ముందుకు జరిపింది. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు.

నమోదు 43

బండిలోంచి చెబుతున్నాను. మెట్ట కనపడుతోంది. డ్రైవరు సీసా ఇచ్చాడు, మొత్తం తాగి ఇంకోటి అడిగాను. మడమల నొప్పి కొంత తగ్గుతుందనీ, పూర్తిగా తగ్గదనీ డాక్టరు గారు చెప్పారట. కూర్చుని చేసే ఉద్యోగమేగా, సరిపోతుంది. సిగ్గుగా లేదా అని ఎవరైనా అడిగితే, ఉంది అని చెబుతాను. ఉన్నా బండి దిగలేదు.

పరాంకుశం గారూ, మిగతా దిబ్బల్లో మార్పిడి ప్రతినిధులను ఎలా ఎంచుకోవాలో రాసి ఇమ్మన్నారు. రాసే ఓపిక లేదు, వేళ్ళు ముడుచుకుపోతున్నాయి. చెబుతాను, రాయించుకోండి.

బలంగా ఉన్న మగవాళ్ళను తీసుకోవద్దు. నొప్పి మొదలవగానే ఊరు దాటి పోతారు. ముసలివాళ్ళు వద్దు, తొందరగా పోతే జనం భయపడతారు. జీతం కోసం వచ్చేవాళ్ళూ వద్దు, జీతం ఇంకోచోట కూడా దొరుకుతుంది. కాళ్ళు ఇంకా వంగని చిన్నపిల్ల ఉన్న ఇల్లు వెతకండి. మొదటి కుండ ఆ ఇంట్లోనే పెట్టండి. అలవాటు పడేదాకా ఉంచండి. తర్వాత తీసుకుపోతామని చెప్పండి. అంతకు మించి ఏమీ చెప్పనక్కర్లేదు, మిగతాది ఆ ఇంటావిడే అడుగుతుంది. పిల్ల ఎముకలు గట్టిపడేసరికి ఆమెకు నడక ఉండదు కాబట్టి అప్పుడు కూడా వెళ్ళిపోతుందన్న ఇబ్బంది లేదు. అలాంటి తల్లి మధ్యలో మానదు.